నున్న దాటాక కనిపించే ఇళ్లు

మా విస్సన్నపేట నుంచి బెజవాడ వెళ్లడానికి నూజివీడు, ఆగిరిపల్లి మీదుగా ఒక దారి ఉంది. కిటికీ పక్కన సీటు దొరికిందంటే ప్రాణం లేచొస్తుంది. ఎటు చూసినా మామిడి తోటలే! ఎండాకాలమైతే నున్న మార్కెట్ దగ్గర బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. నున్న దాటగానే తోటలు అయిపోయి ఇళ్లు మొదలవుతాయి. పాయకాపురం, వాంబే కాలనీ, సింగ్‌నగర్. మనమేమో చీరల కోసమో, ఆస్పత్రి పని మీదో వెళుతూ, బస్టాండు ఎప్పుడొస్తుందా అని చూస్తాం గానీ ఆ సందుల్లోకి తొంగి చూడం.

ఈమధ్య నేనక్కడ దిగాను. మా వైపు తోటల్లో కాయ కోతకు వచ్చే ఒకామె కుటుంబంతో అక్కడే ఉంటోంది. మీకు తెలియనిది కాదు, మామిడి పని రెండు మూడు నెలలే. చిక్కం పక్కన పెట్టాక మిగతా ఏడాదంతా ఏం తిని బతకాలి? అందుకే ఆయన తాపీ పనికి, ఈమె నాలుగిళ్లలో పనికి, ఇద్దరు పిల్లలతో పట్నం చేరారు.

ఇల్లంటే ఒకటే గది, పైన రేకులు. వంట, పడక, పిల్లల చదువు అన్నీ అందులోనే. మధ్యాహ్నం ఆ రేకుల వేడికి లోపల కూర్చోలేం. అయినా గిన్నెలు తళతళా తోమి బోర్లించింది, గుమ్మం ముందు ముగ్గు పెట్టింది. మనం మురికివాడ అనేస్తాం గానీ, అక్కడున్నవాళ్లు ఆ మాట అనరండీ. "మా పేట", "మా కాలనీ" అంటారు.

నీళ్ల కుళాయి వీధి చివర ఉంది. అది వచ్చే వేళకు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా! అమ్మా నాన్నా పనిలో ఉంటారు, తమ్ముడు చిన్నవాడు. ఇక మిగిలింది ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్ల.

"వారంలో రెండు మూడు రోజులు బడికి ఆలస్యమేనమ్మగారూ. పంతులమ్మ కోప్పడుతోందని ఏడుస్తది. నీళ్లు పట్టకపోతే రాత్రికి అన్నం ఎట్టా వండేది?" అంది తల్లి. పిల్ల తల వంచుకుని బిందె వైపే చూస్తోంది. పదో తరగతి దాకా అయినా ఈ చదువు సాగుతుందా అని నాకు భయమేసింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కలంతా మునిగింది. మైలవరం వైపు కొండల్లో పుట్టిన ఈ వాగు కొల్లేటికి పోతుంది. గట్టుకు గండ్లు పడేసరికి నీళ్లు జనం ఇళ్లలోకి వచ్చాయి. 2005లో కూడా ఇలాగే పొంగింది. "ఇదిగో, ఇక్కడిదాకా" అని ఆమె తన భుజం ఎత్తున గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. మేడ ఉన్నవాళ్లు పైకెక్కారు. రేకుల ఇంటికి మేడ ఎక్కడిది? పక్కింటివాళ్ల డాబా మీద రోజుల తరబడి ఉన్నారట. పడవల్లో, డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. నీళ్లు తీశాక ఫైరింజన్లతో వీధులూ ఇళ్లూ కడిగారు. కింది అంతస్తు మునిగినవాళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయలు ప్రకటించింది. స్టవ్వు, మంచం మళ్లీ కొనుక్కోవచ్చు. పిల్ల రాసుకున్న నోటు పుస్తకాలు ఎక్కడ కొంటాం చెప్పండి!

"పల్లంలో ఎందుకు, ఇంకో చోటికి మారొచ్చుగా?" అని మీకూ అనిపిస్తుంది. నేనూ అదే అడిగాను. "ఎక్కడికమ్మగారూ? కొండ మీదికా?" అని నవ్వింది. నిజమే. బెజవాడలో చవగ్గా దొరికే చోటు అయితే వాగు పక్క పల్లం, లేకపోతే కొండవాలు. కొండ ఇళ్లకు వరద రాదు గానీ, నీళ్ల బిందె అయినా, గ్యాస్ బండ అయినా, నెలలు నిండిన గర్భిణి అయినా ఆ మెట్ల మీదే ఎక్కి దిగాలి. అదే వానకు 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్లు విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి.

అలాగని ఎవరూ ఏమీ చెయ్యలేదనలేం. 1990లలో బ్రిటిష్ సాయంతో ఇక్కడి పేటల్లో రోడ్లు, కాలవలు బాగుచేశారు. 2001లో వచ్చిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన పేరే వాంబే కాలనీకి మిగిలింది. కానీ పని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఆగరు కదా. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సుమారు ఆరున్నర కోట్ల మంది ఇలాంటి పేటల్లో ఉన్నారని తేలింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోటి మంది పైన!

కోట్ల లెక్క మన చేతిలో లేదు. మన ఇంటికి పనికి వచ్చే ఆమె సంగతి మాత్రం కొంత మన చేతిలో ఉంది. "మీ పేటలో కుళాయి ఎన్నింటికొస్తుంది?" అని ఒక్కసారి అడగండి. ఆమె వచ్చే వేళ ఒక అరగంట అటూ ఇటూ జరిపితే తల్లే నీళ్లు పట్టుకుంటుంది, పిల్ల బడికి వెళుతుంది. మన అంట్లు అరగంట ఆగితే కొంప మునగదు. ఇంకోటి, బియ్యం కార్డు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు మందపాటి ప్లాస్టిక్ కవరులో కట్టి ఇంట్లో అందరికన్నా ఎత్తులో పెట్టమనండి. కవరు లేదంటే మనింట్లో చీరల కవర్లకు కొదవా? ఒకటి తీసి ఇవ్వండి.