మరగొంతు

కరీంనగర్ చుట్టుపక్కల పెళ్లి బరాత్‌లోనైనా, గణపతి నిమజ్జనంలోనైనా డీజే పాట మొదలుకాకముందే ఒక గొంతు పలుకుతుంది. ఫలానా డీజే, ఫలానా ఊరు. అది మనిషి గొంతు కాదు, అట్లని పూర్తిగా మిషను గొంతూ కాదు. పాట నడుమ తీన్మార్ దెబ్బ ఆగినప్పుడల్లా అదే పేరు మళ్లీ వచ్చిపోతుంది. ఒకరు కష్టపడి చేసిన రీమిక్స్‌ను ఇంకొకరు ఎత్తుకుపోయి తన పేరు పెట్టుకోకుండా వేసిన ముద్ర అది. 2021 ఆగస్టులో మంచిర్యాల వైపు ఒక పెళ్లికూతురు 'బుల్లెట్టు బండి' పాటకు బరాత్‌లో ఆడిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ తర్వాత ఆ పాటకు ఎన్ని రీమిక్సులు వచ్చినయో, వాటి మీద ఎన్ని ముద్రలు పడ్డయో లెక్క లేదు. జగిత్యాలలో విన్నా పెద్దపల్లిలో విన్నా పేరే మారుతుంది గానీ గొంతు మారదు. నా ఫిర్యాదల్లా అదే.

మా గల్లీలో డిగ్రీ చదివే పిల్లగాడు ఒకడున్నాడు. సెలవుల్లో డీజే బండి వెంట తిరుగుతాడు, ఇంట్లో కంప్యూటర్ మీద పాటలు కలుపుతాడు. "అన్నా, ఆటోట్యూన్ ఎంత పెట్టినా నా గొంతు రోబో లెక్క వస్తలేదు" అని వచ్చిండు. రాదు మరి. ఆటోట్యూన్ పని వేరు. అది పాడినవాడి శ్రుతిని పట్టుకొని దగ్గరి స్వరం మీదికి లాగుతుంది. 1997లో బజారుకొచ్చింది. దాన్ని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూకంపన తరంగాల లెక్కలతో చమురు జాడ తీసే పనిలో ఉన్నవాడు. మరుసటి ఏడు షేర్ పాడిన 'బిలీవ్' పాటలో ఆ లాగుడును కావాలనే బయటికి వినిపించారు. అప్పటినుంచి వింతగా వినిపించే ప్రతి గొంతునూ జనం ఆటోట్యూన్ అనే అంటున్నారు. ఇతనికి కావలసింది మాత్రం వోకోడర్.

మనం మాట్లాడేటప్పుడు రెండు పనులు ఒక్కసారే జరుగుతాయి. కంఠంలో తంత్రులు అదిరి మోత పుడుతుంది. నాలుక, పెదవులు, అంగిలి ఆ మోతకు క్షణక్షణం ఆకారం ఇస్తాయి. 'ఆ' అన్నా 'ఈ' అన్నా కంఠంలో మోత ఒకటే, మారేది నోటి ఆకారం. వోకోడర్ ఈ రెండింటినీ విడదీసి, మోతను పారేసి ఆకారాన్ని మాత్రం ఉంచుకుంటుంది. దాన్ని తెచ్చి ఇంకో శబ్దానికి తొడుగుతుంది. ఆకారం ఇచ్చే గొంతును మాడ్యులేటర్ అంటారు, ఆ ఆకారాన్ని మోసే శబ్దాన్ని క్యారియర్ అంటారు. లోపల జరిగేది గొంతును కింది శబ్దాల నుంచి పై శబ్దాల దాకా పట్టీలుగా కోసి, ఏ పట్టీలో ఎంత బలం ఉందో కొలిచి, క్యారియర్‌లో అదే పట్టీని అంతే ఎత్తడం, దించడం. పాడేవాడి శ్రుతి తప్పినా ఇక్కడ నష్టం లేదు. శ్రుతి క్యారియర్ దగ్గరినుంచే వస్తుంది.

దీన్ని కనిపెట్టిన హోమర్ డడ్లీకి పాటల ధ్యాస లేదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1928 నుంచి ఆయన వెతికింది, మాటను కుదించి సముద్రం కింద సన్నటి తీగలో ఎట్లా పంపాలా అని. 1939 న్యూయార్క్ ప్రదర్శనలో దీని తోబుట్టువు వోడర్‌ను మీటలు నొక్కి మాట్లాడించారు. యుద్ధం నడుమ 1943లో ఇదే పద్ధతి మీద సిగ్సాలీ అనే రహస్య టెలిఫోన్ వచ్చింది, దాని బరువు యాభై టన్నుల పైమాటే. సంగీతం వంతు తర్వాత వచ్చింది. 1971లో 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' సినిమాకు వెండీ కార్లోస్, 1974లో జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ వాడారు.

మాటను కుదించాలనే ఆ మొదటి ఆశ మన జిల్లాల్లో ఇంటింటికీ తెలిసిన సంగతే. దుబాయి, మస్కట్ పోయినవాళ్లు ఒకప్పుడు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. తర్వాత సెల్‌ఫోన్ వచ్చింది. ల్యాండ్‌లైన్‌లో మాటకు సెకనుకు 64 వేల బిట్లు కావాలి. మొదటి జీఎస్‌ఎమ్ ఫోన్ 13 వేలతోనే సరిపెట్టింది. మోతను ఒక పక్క, నోటి ఆకారాన్ని ఒక పక్క లెక్కగట్టి అంకెలుగా పంపి, అవతలి చెవి దగ్గర మళ్లీ కలపడం వల్లనే అది కుదిరింది. ఆ లెక్కలకు దారి వేసినవాళ్లలో బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన మనవాడు బిష్ణు అటల్ ముఖ్యుడు. షార్జా నుంచి కొడుకు "బాపూ, మంచిగున్నవా" అని అడిగితే సిరిసిల్లలో తండ్రి విన్నది అంకెల్లోంచి మళ్లీ కట్టిన గొంతునే. సిగ్నల్ బలహీనమైనప్పుడు ఆ గొంతు ఒక్క క్షణం బరాత్ రోబోలా మారిపోవడం మీరు వినే ఉంటారు. చుట్టరికం బయటపడేది అక్కడే.

ఇక పనిలోకి వస్తే, డబ్బు పెట్టలేనివాళ్లకు ఆడాసిటీ చాలు, అది ఉచితం. పై ట్రాకులో గొంతు, కింది ట్రాకులో క్యారియర్, రెండూ మోనోగా పెట్టుకోవాలి. రెండింటినీ ఒక స్టీరియో ట్రాకుగా కలిపితే గొంతు ఎడమకు, క్యారియర్ కుడికి పోతాయి. ఎఫెక్టుల్లో వోకోడర్ అడిగేది ఆ వరసనే. రాడార్ నీడిల్స్ అని భయపెట్టే పేరుతో ఒక అమరిక కనిపిస్తుంది. అది సూదుల్లాంటి మోతను తానే పుట్టించి కలుపుతుంది, సొంత క్యారియర్ ఉన్నవాళ్లకు దానితో పని లేదు. మా పిల్లగాడు వాడే ఎఫ్ఎల్ స్టూడియోలో ఈ పనికి వోకోడెక్స్ ఉంది. గొంతు ఒక మిక్సర్ ట్రాకులో, క్యారియర్ ఇంకో ట్రాకులో పెట్టి, రెండింటినీ మూడో ట్రాకుకు సైడ్‌చెయిన్ చెయ్యాలి. వోకోడెక్స్‌ను ఆ మూడో ట్రాకు మీద కూర్చోబెట్టి, ఏది మాడ్యులేటరో ఏది క్యారియరో దానికి చెప్పాలి. మొదటి రెండు ట్రాకులు మాస్టర్‌కు పోయే దారి మూసెయ్యాలి. మూయకపోతే మామూలు గొంతు పక్కనే వినిపించి రోబో వేషం బయటపడుతుంది. రికార్డింగప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. చెమట పట్టనీ, ఫరవాలేదు. ఫ్యాన్ గాలిని కూడా వోకోడర్ మాటే అనుకుంటుంది.

పట్టీలు ఎన్ని పెట్టాలనేది రుచిని బట్టి ఉంటుంది. డడ్లీ పది పట్టీలతో నడిపాడు. ఆడాసిటీ తనంతట తాను నలభై ఇస్తుంది, వోకోడెక్స్ వంద దాకా పోనిస్తుంది. పదహారు దాటకపోతే పాతకాలపు మరగొంతు వస్తుంది. పెంచినకొద్దీ మాట తేటపడుతుంది, మర తగ్గుతుంది. అయితే వోకోడెక్స్‌లో ఎవరూ ముట్టుకోని బటన్ రిలీజ్, తెలుగువాళ్లు ముందు ముట్టుకోవలసింది దాన్నే. మాట ఆగిన తర్వాత శబ్దం ఎంతసేపు సాగాలో చెప్పేది అది. ఎక్కువ పెడితే హ్రస్వం దీర్ఘమైపోతుంది, 'పలక' 'పాలక'కు దగ్గరపడుతుంది. ద్విత్వాక్షరంలో ఉండే చిన్న ఆపు పూడిపోయి 'అక్క'లో ఒక క మాయమవుతుంది. ఇంగ్లిష్ పాటలకు చేసిన ప్రీసెట్లు మన మాటను ముద్ద చేసేది ఇందుకే. రిలీజ్ బాగా తగ్గించి చూడండి. అచ్చులు మన మాటకు బలం కాబట్టి మిగతాది దానంతట అదే తేలుతుంది. స, శ, చ లాంటివి మాత్రం గాలి శబ్దాలు, వాటికి క్యారియర్ పై పట్టీల్లో ఏమైనా ఉండాలి. కొంచెం వైట్ నాయిస్ కలపడం పాత ఉపాయం.

అసలు సంగతి క్యారియర్‌ది. లేని శబ్దాన్ని వోకోడర్ ఎత్తలేదు. పిల్లనగ్రోవి స్వరం శుభ్రంగా ఉంటుంది, అందుకే పనికిరాదు. దానికి పై స్వరాంశాలు తక్కువ, ఆకారం తొడగడానికి చోటుండదు. డప్పు దెబ్బ వెంటనే చచ్చిపోతుంది, ఒగ్గు డోలుదీ అదే కథ, మాట దెబ్బకూ దెబ్బకూ నడుమ విరిగిపోతుంది. అందరూ సింథసైజర్‌లోని సా వేవ్ పెట్టేది అందులో అన్ని అంశాలూ నిండుగా, ఎడతెగకుండా ఉంటాయనే. రంపపు పళ్లలా మెల్లగా ఎక్కి ఠక్కున దిగే ఆ తరంగం కంప్యూటర్ సృష్టి కాదు. కమానుతో వాయించే తీగ అదిరేది దాదాపు అట్లనే అని హెల్మ్‌హోల్ట్జ్ పంతొమ్మిదో శతాబ్దంలోనే చూపించాడు. కమాను తీగను పట్టుకొని కొంత దూరం లాగి జారవిడుస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది.

అట్లాంటి వాద్యం ఆదిలాబాద్ అడవుల్లో ఉంది. గోండుల వంశగాథలు పాడే ప్రధాన్‌లు కమానుతో వాయించే కిక్రి. ఉట్నూరు దిక్కు ఒక పెద్దాయన వాయిస్తుంటే విని, నాకు ఏం కావాలో చెప్పి అడిగిన. పెర్సాపేన్ పూజలో వాయించే వరస వద్దన్న, కథలోని పాటా వద్దన్న. పూజలో పలికేదాన్ని తెచ్చి డీజే పేరు కింద పరచడం నాకు ఒప్పుదల కాదు. ఒక్కో స్వరం మీద కమాను తాపీగా లాగితే నాకు చాలు, వోకోడర్‌కూ కావలసింది అంతే. ఆయన నవ్వి, ఇంతేనా అని లాగి ఇచ్చిండు.

ఇంటికొచ్చి దాని మీద పిల్లగాడి గొంతు ఎక్కిస్తే మాట తేటగా వచ్చింది. సా వేవ్ గీతలా నిలబడే చోట కిక్రి కొంచెం ఊగుతుంది, కమాను తిరిగే చోట గీరుకుంటుంది. ఆ గీర సకారాలకు పనికొచ్చింది, వైట్ నాయిస్ అక్కర్లేకపోయింది. ఊరి పేరు చెబుతుంటే ఆ ఊరి గొంతే అనిపించింది నాకు. పిల్లగాడు మాత్రం రెండుసార్లు విని హెడ్‌ఫోన్ తీసేసిండు. "మంచిగనే ఉంది గని అన్నా, ఏడ్చినట్టుంది. బరాత్‌ల ఏడుపెందుకు?"

కాదనలేకపోయిన. డీజే బండి మీది పెట్టెలు కింది శబ్దాన్ని గుండె అదిరేలా కొడతాయి, ఆ గోలలో కిక్రి ఊగుడు వినేదెవరు? అతనికి సా వేవే పెట్టి, 200 హెర్ట్జ్ కింద కోసేసి, మాట తెలిసే 2 వేల నుంచి 4 వేల హెర్ట్జ్ నడుమ కొంచెం ఎత్తిచ్చిన. రిలీజ్ మాత్రం నేను చెప్పినంతే ఉంచమన్న, ఉంచిండు. ఇప్పుడు అతని పేరులోని ద్విత్వం వీధి చివరిదాకా స్పష్టంగా వినిపిస్తుంది. కిక్రి ఫైలు నా దగ్గరే ఉంది. ఒగ్గుకథ మీద షార్ట్ ఫిల్మ్ తీస్తున్న ఒకాయన దేవుడి గొంతు కావాలని అడిగిండు. ఆయనకు వినిపించాలి.