సెకండ్ గేర్లో శ్రీశైలం

"కారు పాతదైతే ఏం నాయనా, వెళ్తున్నది మల్లన్న దగ్గరికే కదా... ఆయనే చూసుకుంటాడు" అంది అమ్మ, ముందు చక్రాల కింద చెరో నిమ్మకాయ పెడుతూ. 2024 కార్తీకమాసం. తెల్లవారుజామున ఐదు గంటలు. హైదరాబాద్‌లో మా ఇంటి ముందు 2009 మోడల్ మారుతి 800 పసుపు కుంకుమ బొట్లతో ముస్తాబై నిలబడి ఉంది. ఆ ఏడాదే దానికి 15 ఏళ్లు నిండాయి. ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి, ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకొచ్చాను. "ఇంకా ఎన్నాళ్లండీ ఈ డబ్బా?" అని మా ఆవిడ అడిగినప్పుడల్లా ఆ కాగితం చూపిస్తుంటాను.

ప్రయాణానికి మూడు వారాల ముందే బండిని సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఎక్కడన్నది ఇప్పుడు అనవసరం. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చారు. బిల్లులో చివరి వరుసలో 'బ్రేక్ సర్వీస్' అని ఉంది. నేనూ తృప్తిగా సంతకం పెట్టి వచ్చేశాను. ఆ రెండు మాటల్లో ఏమేం ఉన్నాయో, ఏం లేవో అడగాలని తోచలేదు. కిరాణా కొట్లో పావుకిలో చింతపండుకి కూడా తూకం చూసుకునే మనం, కారు బిల్లు దగ్గర మాత్రం ఎందుకో మొహమాటపడిపోతాం!

హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాదాపు 215 కిలోమీటర్లు. తుక్కుగూడ దాటితే ఊరి సందడి వెనకపడుతుంది. కడ్తాల్, ఆమనగల్లు మీదుగా కల్వకుర్తి. అక్కడ ఇడ్లీలు తిని బయటికొచ్చేసరికి వెనక ఎడమ టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. చిన్న మేకు. పక్కనే పంక్చర్ షాపు ఉండబట్టి సరిపోయింది. కుర్రాడు చకచకా స్టెప్నీ బయటికి తీశాడు. దాని గోడ మీద అంకెలు చూసి నవ్వాడు.

"సార్, ఈ టైరు మీ పాప కంటే పెద్దది" అన్నాడు.

మా అమ్మాయి ఏడో తరగతి. అది పరుగెత్తుకొచ్చి వంగి చూసింది. ప్రతి టైరు గోడ మీదా కోడిగుడ్డు ఆకారంలో ఒక చిన్న గడి, అందులో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మా స్టెప్నీ మీద 1109 అని ఉంది. అంటే 2009లో 11వ వారం. కారుతో వచ్చిన టైరు, ఒక్కసారీ నేల మీద తిరగలేదు, గాట్లు కొత్తగానే ఉన్నాయి. అయినా వేలితో నొక్కితే గోడ పొడుగునా సన్నటి పగుళ్లు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఆరేళ్లు దాటిన టైరును అనుమానంగానే చూడాలనీ, గాటు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయాలనీ తెలుసు. కానీ డిక్కీలో చాపకింద పడుకున్న ఐదో టైరును ఎవరు చూస్తారు చెప్పండి? అసలు టైరుకే ప్యాచ్ వేయించుకుని, గాలి సరిచూసుకుని బయల్దేరాం. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే లోపలి అంచున స్టిక్కరు మీద రాసి ఉంటుంది. మనుషులూ సామానూ నిండుగా ఉంటే ఎంతో కూడా అక్కడే ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. వంద కిలోమీటర్లు తోలాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది.

డిండి దగ్గర జలాశయం పక్కన కాసేపు ఆగి, ఎండకి మెరుస్తున్న నీళ్లు చూసి, హాజీపూర్ మీదుగా మన్ననూరు చేరాం. ఇక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. ఎంత పెద్దవాళ్లొచ్చినా తెల్లారేదాకా పడిగాపులే. ఇక్కడి నుంచి సుమారు 60 కిలోమీటర్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ప్రయాణం. రాష్ట్ర విభజనకు ముందు ఇదంతా నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో భాగం. పెట్రోలు కల్వకుర్తిలోనే పోయించుకోవడం మేలు. అడవిలో ఫోను సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు.

ఆ అడవి గురించి ఎంత చెప్పినా తక్కువే. వానలు వెళ్లిన కొత్త. రెండు వైపులా వెదురు, టేకు, మద్ది. రోడ్డు మీద అక్కడక్కడా కొండముచ్చులు, మా కారు వేగం చూసి జాలిపడుతున్నట్టు. మా అమ్మాయి బోర్డులు చదువుతోంది. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట... "నానమ్మా, దోమలకీ ఈగలకీ కూడా ఊళ్లున్నాయి!" పెంట అంటే చెంచుల గూడెం అని అమ్మ చెప్పింది. ఆ తర్వాత మూడు నెలలకే, 2025 ఫిబ్రవరి 22న, ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయింది ఈ దోమలపెంట దగ్గరే. టీవీలో ఆ పేరు వినగానే మా ఇంట్లో అందరం ఒక్కసారి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఈగలపెంట దాటాక అసలు కథ. అప్పటిదాకా బల్లపరుపుగా సాగిన రోడ్డు ఒక్కసారిగా కృష్ణా లోయలోకి దిగుతుంది. మలుపు మీద మలుపు. ఒక వంపులో శ్రీశైలం డ్యామ్ మొత్తం కళ్లముందుకు వస్తుంది. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు, వరసగా 12 గేట్లు. "అబ్బ!" అని అందరూ ఒకేసారి అన్నారు. నేను మాత్రం అనలేదు. ఎందుకంటే అదే సమయంలో నా కాలి కింద బ్రేకు పెడల్ మెత్తగా, తడి స్పాంజి మీద అడుగేసినట్టు లోపలికి దిగిపోయింది.

ముందు నుంచీ ఒక కాలిన వాసన వస్తూనే ఉంది. ముందు వెళ్తున్న లారీదేమో అనుకున్నాను. మూడో గేరులో, బ్రేకు మీద కాలు తీయకుండా, నాలుగైదు కిలోమీటర్లు హాయిగా దిగుతూ వచ్చాను. సిటీలో అలవాటు అదే కదా! పెడల్ను గబగబా మూడునాలుగు సార్లు కొట్టాను. కాస్త పట్టింది. వెంటనే రెండో గేరు, తర్వాత మొదటి గేరు వేశాను. ఇంజిన్ రోదిస్తూ బండిని వెనక్కి లాగింది. హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా ఎత్తుతూ, లోయవైపు కాకుండా కొండవైపు అంచుకు చేర్చాను. ఆగింది. వెనక సీట్లో ఎవరూ మాట్లాడలేదు. నా చేతులు స్టీరింగు మీద నుంచి రావడానికి కొంచెం సమయం పట్టింది.

దిగి చూస్తే ముందు చక్రాల నుంచి పొగ. మంచినీళ్ల సీసా మూత తీశానో లేదో, పైనుంచి ఒక కేక.

"సారూ! నీళ్లు పొయ్యకుండ్రి! డిస్కు వంకర పోతది!"

కాస్త ఎగువన ఆపుకున్న జీపు డ్రైవరు. యాభై దాటి ఉంటాయి, అమ్రాబాద్ వాడట. వస్తూనే రెండు రాళ్లు తెచ్చి చక్రాల ముందు పెట్టాడు. బండిని రివర్స్ గేరులో ఉంచమన్నాడు. బ్రేకులు అంత వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకోకూడదట. తర్వాత బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి తొంగిచూశాడు. నన్నూ చూడమన్నాడు. లేత తేనెరంగులో ఉండాల్సిన ఆయిల్ చిక్కటి కాఫీ డికాక్షన్‌లా ఉంది.

"ఇది ఎన్నడన్న మార్చిండ్రా?"

నా దగ్గర 'బ్రేక్ సర్వీస్' బిల్లు తప్ప జవాబు లేదు.

తర్వాత తీరిగ్గా తెలుసుకున్నదీ, అప్పుడాయన చెప్పిందీ కలిపి చెబుతాను. మనం పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్లేది ఈ ద్రవమే. దీనికొక గుణం ఉంది. గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. మామూలు కార్లలో వాడే డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ 3.7 శాతానికి చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. ఎడతెగకుండా బ్రేకు తొక్కుతూ ఘాట్ దిగితే డిస్కులు కాలి, ఆ వేడి ద్రవానికి ఎక్కుతుంది. నీరు ఆవిరై బుడగలు పుడతాయి. ద్రవం అణగదు కానీ, ఆవిరి అణుగుతుంది. మనం ఎంత తొక్కినా ఆ బుడగలే నలుగుతాయి తప్ప చక్రం పట్టుకోదు. ప్యాడ్లు కొత్తవే అయినా లాభం లేదు. అందుకే రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చమంటారు. తగ్గినప్పుడు పైన కాస్త పోయడం మార్చినట్టు కాదు. సిటీలో తిరిగినన్నాళ్లూ ఈ లోపం బయటపడదు. అదే దాని ప్రమాదం.

"ఎక్కేటప్పుడు ఏ గేర్ల ఎక్కుతరో, దిగేటప్పుడు గదే గేర్ల దిగాలె" అన్నాడాయన. "న్యూట్రల్ చేసి దింపుతరు కొందరు, పెట్రోలు మిగులుద్దని. పానం మిగులాలె గద సారూ!" ఇంజిన్ ఆపేసి జారవిడిచేవాళ్లు కూడా ఉన్నారట. చాలా కార్లలో ఇంజిన్ ఆగితే రెండు మూడు తొక్కుళ్లకే బ్రేకు రాయిలా బిగిసిపోతుంది. అవతల స్టీరింగూ బరువెక్కుతుంది.

ముప్పావుగంట కూర్చున్నాం. అమ్మ పులిహోర డబ్బా తీసింది. ఆ జీపు డ్రైవరుకీ ఆకులో పెట్టి ఇచ్చింది. పెడల్ మళ్లీ గట్టిపడ్డాక, ఆయన జీపు ముందు, మేం వెనక. మొదటి గేరూ రెండో గేరూ తప్ప మరోటి వేయలేదు. బ్రేకు అవసరమైనచోట గట్టిగా ఒకసారి తొక్కి వదిలేయడం, అంతే. పాతాళగంగ వంతెన దాటి లింగాలగట్టులో ఆగితే వేయించిన చేపల ఘుమఘుమ. నేను అటు చూడగానే "కార్తీకమాసంరా!" అంది అమ్మ. జీపాయన డబ్బులు తీసుకోలేదు. చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

అక్కడి నుంచి సున్నిపెంటకు ఎక్కుడు. బస్సు వెనక నత్తనడక, పైగా ఏసీ. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు కదిలింది. ఏసీ ఆపి, హీటర్ పెట్టి, అద్దాలు దించేశాం. లోపల ఉడికిపోయాం కానీ ఇంజిన్ వేడి కొంత హీటర్ లాగేసుకుని ముల్లు దిగింది. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకూడదు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. బోరునీళ్లు పోసే అలవాటుంటే మానుకోవాలి. ఉప్పు పేరుకుని సన్నటి గొట్టాలు పూడిపోతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం.

సున్నిపెంటలో ఒక చిన్న షెడ్డు. మెకానిక్ చక్రం దగ్గర నట్టు వదులుతుంటే, మా అమ్మాయి డ్రైవర్ సీటు అంచున కూర్చుని ఆయన చెప్పినప్పుడల్లా పెడల్ తొక్కింది. నల్లటి ద్రవం, బుడగలు, చివరికి తేటగా కొత్త ఆయిల్. నాలుగు చక్రాలకీ గంట పట్టింది. మొత్తం 600 రూపాయలు. మూడు వారాల కిందట నేను కట్టిన బిల్లులో ఇది పదో వంతు కూడా లేదు.

భ్రమరాంబికా మల్లికార్జునుల దర్శనం బాగా జరిగింది. జ్యోతిర్లింగమూ శక్తిపీఠమూ ఒకే ఆవరణలో ఉన్న క్షేత్రం కదా, కార్తీకంలో సోమవారం తప్పించి వెళ్లినా క్యూ తప్పలేదు. పార్కింగ్ దూరం కాబట్టి పెద్దవాళ్లుంటే ముందుగా ఆలయం దగ్గర దింపేసి వెళ్లడం నయం. రాత్రి సత్రంలో పడుకుని మర్నాడు భోజనాలయ్యాక బయల్దేరాం. మన్ననూరు గేటు పడకముందే అడవి దాటాలని.

తిరుగుదారిలో లోయ దిగి, మళ్లీ ఈగలపెంట వైపు ఎక్కుతున్నాం. దాదాపు మేం ఆగిన వంపు దగ్గరే, దిగే దారిలో ఒక కొత్త తెల్ల కారు ఆగి ఉంది. ముందు చక్రాల నుంచి పొగ. ఒక కుర్రాడు, పక్కన చంటిపిల్లను ఎత్తుకున్న భార్య. అతని చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా.

నేను అద్దం దించేలోపే వెనక సీట్లోంచి మా అమ్మాయి అరిచింది, "అంకుల్, నీళ్లు పొయ్యకండి!"

పక్కకి ఆపాను. రాళ్ల కోసం నేను అటూఇటూ వెతుకుతుంటే, "ఎంతసేపు ఆగాలండీ?" అని అడిగాడతను.

"ముప్పావుగంట" అన్నాను.

అమ్మ అప్పటికే ప్రసాదం పులిహోర పొట్లం విప్పుతోంది.