పన్నెండు ఫొటోల కెమెరా

"అక్కా, 18 వేలు పెట్టి పాత కెమెరా కొన్నావట! అందులో రీలు కూడా వెయ్యాలట! నిజమేనా?" అని మొన్న మా చెల్లి ఫోన్ చేసి మరీ అడిగింది.

నిజమే. ఇంట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉండగా, రీలుకి 12 ఫొటోలు మాత్రమే వచ్చే కెమెరా కొన్నాను. ఎందుకు కొన్నానో, ఏది కొనాలో తేల్చుకోడానికి ఎన్ని తిప్పలు పడ్డానో చెప్తాను. చదివాక నాకు మతి పోయిందో లేదో మీరే చెప్పండి.

స్టీల్ ప్లాంట్ కోసం ఖాళీ అయిన ఊళ్ళలో మాదీ ఒకటి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం రోడ్డెక్కిన సంగతి, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన సంగతి పుస్తకాల్లో ఉంటాయి. మా ఊరి సంగతి మాత్రం మా ఇళ్ళల్లోనే ఉంటుంది. ఊరు వదిలే నాటికి నాకు అయిదారేళ్ళు. అప్పుడు మా చిన్నాన్న ఎవరి దగ్గరో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా అడిగి తెచ్చాడు. బరోడాలో తయారయ్యేది, చిన్న డబ్బా కెమెరా. అందర్నీ వాకిట్లో నిలబెట్టి ఒక్క ఫొటో తీశాడు. నాన్న, అమ్మ, అమ్మ చంకలో చెల్లి, పక్కన నేను, వెనక మా పెంకుటిల్లు. మా మామ్మ మాత్రం రాలేదట. "ఇల్లొదిలి పోతూ ఫొటోలేటి" అని లోపలే కూచుండిపోయిందట. ఆ తరవాత ఏడాదికే పోయింది. ఆవిడ ఫొటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు.

ఆ ఫొటో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గాజువాకలో అమ్మావాళ్ళ ఇంటి రేకులు ఎగిరిపోయి, ఆల్బం అంతా నానిపోయింది. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే తెల్లకాగితం మిగిలింది.

పోయినేడు నాన్న కాగితాల సంచీ సర్దుతుంటే, పాలిథిన్ కవరులో పాత రసీదుల మధ్య ఆ ఫొటో నెగెటివ్ దొరికింది. పూర్ణా మార్కెట్ వైపు పాత స్టూడియో ఒకటి ఉంటే పట్టుకెళ్ళాను. స్టూడియో మాస్టారికి డెబ్భై దాటి ఉంటాయి. స్కాన్ చేసి కంప్యూటర్లో పెద్దది చేస్తూ, "గుమ్మంలో ఈ ముసలమ్మ ఎవరమ్మా?" అన్నారు.

గుమ్మంలో చీకట్లో, తలుపు పట్టుకుని ఒకావిడ బయటికి తొంగి చూస్తోంది. సగం మొహం, ముక్కుకి నత్తు. ఇంటికి తెచ్చి అమ్మకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "మా అత్తే" అంది. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ ఫొటోలోనే ఉంది. అగ్గిపెట్టెంత కాగితంలో ఎవరికీ కనపడలేదు.

అంత చిన్న కెమెరాలో అంత వివరం ఎలా పడింది మాస్టారూ అని అడిగితే ఆయన రెండు నెగెటివ్‌లు పక్కపక్కన పెట్టి చూపించారు. మన పెళ్ళిళ్ళ నాటి మామూలు రీలు నెగెటివ్ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 వెడల్పు. క్లిక్ త్రీలో వేసేది 120 అనే వెడల్పాటి రీలు. దాంట్లో బొమ్మ ఇంచుమించు ఆరు సెంటీమీటర్ల చదరం. లెక్కేస్తే మూడున్నర రెట్లు పెద్దది. దీన్నే మీడియం ఫార్మాట్ అంటారట. "లెన్సు సాదాదే అయినా నెగెటివ్ పెద్దదమ్మా, అందుకే మీ మామ్మగారు నిలబడ్డారు" అన్నారు.

ఆ మాట నాలో ఉండిపోయింది. ఎందుకంటే అప్పటికి మా వారి రిటైర్మెంట్ ఆరు నెలల్లో ఉంది. ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఈయన బతుకంతా కృష్ణతోనే గడిచింది. రిటైరైతే ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. 27 ఏళ్ళు కాపురం చేసిన ఇల్లు. పిల్లలు పుట్టింది, మా అత్తగారు పోయింది, నేను వేసిన మామిడి మొక్క కాపుకొచ్చింది అక్కడే. చిన్నప్పుడు ప్లాంటు కోసం ఒక ఇల్లు వదిలాం, ఇప్పుడు ప్లాంటు ఇచ్చిన ఇల్లు వదలాలి. ఎవరి తప్పూ కాదు, అది రూలు. కానీ ఈసారి అగ్గిపెట్టెంత ఫొటోతో వెళ్ళకూడదనుకున్నాను. ఫోన్ని నమ్మలేను. ఒకసారి ఫోన్ బకెట్లో పడి మా పాప మూడేళ్ళ ఫొటోలు నీళ్ళపాలయ్యాయి.

జాకెట్లు కుట్టిన డబ్బులతో కట్టిన చీటీ నాది ఒకటి ఉంది. చేతికి 40 వేలు వచ్చాయి. సరే, వెతకడం మొదలెట్టాను.

మా అబ్బాయి హైదరాబాద్ నుంచి సలహా ఇచ్చాడు, "అమ్మా, కొంటే హాసెల్‌బ్లాడ్ కొను, 1969లో చంద్రుడి మీదికి తీసుకెళ్ళింది ఆ కంపెనీదే" అని. ధర చూశాక ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు ఉంటుందని వదిలేశాను. తరవాత మామియా ఆర్‌బీ 67. బొమ్మ ఆరు బై ఏడు, రీలుకి 10. వెనక భాగం తిప్పితే నిలువు ఫొటో అడ్డంగా మారుతుంది, కెమెరా తిప్పక్కర్లేదు. అన్నీ బాగున్నాయి గానీ లెన్సుతో కలిపి రెండున్నర కేజీలకి పైమాటే. ఇడ్లీ పిండి గ్రైండర్ రాయి ఎత్తడానికే నా మణికట్టు ఒప్పుకోదు. పెంటాక్స్ 645లో రీలుకి 15, 16 వస్తాయి, పొదుపే. కానీ అది బ్యాటరీ ఉంటేనే పనిచేస్తుంది. లోపలి సర్క్యూట్ పోతే మన ఊళ్ళో బాగుచేసేవాళ్ళు దొరకరన్నారు మాస్టారు.

మిగిలినవి రెండు కళ్ళ కెమెరాలు. పై లెన్సులోంచి మనం చూస్తాం, కింది లెన్సు ఫొటో తీస్తుంది. నడుము దగ్గర పట్టుకుని, తల వంచి, బావిలోకి చూసినట్టు చూడాలి. కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. నాకు ఇది నచ్చింది. మొహానికి కెమెరా అడ్డం పెట్టుకోం కాబట్టి ఎదుటివాళ్ళు బిగుసుకుపోరు.

ఇందులో మళ్ళీ రెండు దారులు. ఒకటి మామియా సి330. దీనికి లెన్సులు మార్చుకోవచ్చు. పైదీ కిందదీ జంటగా ఒకే పలకకి ఉంటాయి, జంటంతా మార్చాలి. 55 అయితే ఇరుకు గదంతా పడుతుంది, 80 మామూలు చూపు, 180 అయితే దూరం నుంచి మొహం తీయొచ్చు. రెండోది యాషికా మ్యాట్ 124జి, 1970లో వచ్చిన మోడల్. దీనికి 80 ఒక్కటే, మార్చడం కుదరదు. నాకు మామియా మీద మనసు లాగింది. మా వంటిల్లు ఎంత? ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. 55 లెన్సు లేకపోతే వంటిల్లు ఫొటోలో పట్టదు కదా అని నా బాధ. ఆ లెన్సు ఒక్కదాని ధరకి యాషికా మొత్తం వస్తోంది. పైగా మామియాకి ముందు తోలు మడతల తిత్తి ఉంటుంది, మడతల దగ్గర సూది బెజ్జాలు పడితే వెలుతురు దూరి రీలు పాడవుతుందట.

ఈ గొడవంతా మాస్టారి ముందు పెడితే ఆయన, "లెన్సు సంగతి తరవాతమ్మా. ఏమేం తీద్దామనుకుంటున్నావో కాగితం మీద రాసుకురా" అన్నారు. రాసుకెళ్ళాను. పదకొండు వచ్చాయి. అందులో తొమ్మిది మనుషులే. పక్కింటి వదిన, పాలబ్బాయి, ఇస్త్రీ అతను, అమ్మ, మా వారు డ్యూటీ బట్టల్లో... "వీటన్నిటికీ 80 చాలు" అన్నారాయన.

అయినా తొందరపడ్డాను. వేరే ఊరి మనిషి ఒకరు ఆన్‌లైన్‌లో "కొత్తదానిలా ఉంది" అని అమ్ముతుంటే తెప్పించేశాను. మాస్టారు వెనక తలుపు తెరిచి, షట్టరు తెరిచి ఉంచి, టార్చి వేసి చూపించారు. లెన్సు లోపల తెల్లటి పోగులు, మూత సరిగ్గా పెట్టని ఆవకాయ మీద బూజులాగే. తోలు సంచిలో ఏళ్ళ తరబడి మూసి ఉంచితే ఇలాగే అవుతుందట. మన సముద్రపు గాలికి మరీను. వారం రోజులు దెబ్బలాడి వెనక్కి పంపాను. కొరియర్ ఖర్చు నాకే పడింది.

అప్పుడు మాస్టారు నేర్పిన పరీక్షలు మీకూ చెప్తాను, పనికొస్తాయి. టార్చి పరీక్ష మొదటిది. రెండోది, షట్టరు ఒక సెకను మీద పెట్టి నొక్కి చెవి దగ్గర పెట్టుకోవాలి. కునికిపాట్లు పడకుండా సెకనుకి మూసుకోవాలి. పాత జిడ్డు గట్టిపడితే ముందు ఆగిపోయేవి ఈ నెమ్మది స్పీడులే. మూడోది, పక్కనున్న పిడి తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు. నాలుగోది, దూరంగా ఉన్న స్తంభం మీద ఫోకస్ పెట్టి అద్దంలో చురుగ్గా కనబడుతోందా చూడాలి. లోపలి మీటరు పనిచేయకపోయినా దిగులుపడక్కర్లేదు. దానికి వేసే పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావు. వెలుతురు కొలవడానికి ఫోన్లో యాప్ చాలు.

చివరికి మాస్టారికి తెలిసిన ఒకావిడ దగ్గర దొరికింది, అనకాపల్లిలో. ఆవిడ భర్త ఫొటోగ్రాఫరట, పోయి నాలుగేళ్ళు. కెమెరా పప్పుల డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంది. ఒక సెకను మీద పెట్టి నొక్కితే గడియారంలా పనిచేసింది. "నెలకోసారి తీసి నాలుగుసార్లు నొక్కి పెడతానమ్మా. ఆయన అలా చేసేవోరు, ఎందుకో నాకు తెల్దు" అంది. 20 వేలు అడిగింది. బేరం ఆడి 18కి తెచ్చాను గానీ, బేరం ఆడినందుకు బస్సులో ఇంటిదాకా సిగ్గుపడ్డాను. మొదటి రీలులో మొదటి ఫొటో ఆవిడదే, వాళ్ళ అరుగు మీద.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా వారికి 8 వేలని చెప్పాను. నెలజీతం ఆగిపోబోతున్న ఇంట్లో 18 అనడానికి నోరు రాలేదు. పదిరోజులకి ఆవిడే ఫోన్ చేసింది, ఈయనే ఎత్తారు. "బాబూ, 18 వేలు కరెక్టుగా అందాయని అమ్మగారికి చెప్పండి" అంది. ఆ సాయంత్రం ఇంట్లో టీవీ మాట్లాడింది గానీ మేం మాట్లాడుకోలేదు. రాత్రి అన్నం దగ్గర, "నీ డబ్బేగా. నిజం చెప్తే వద్దంటాననుకున్నావా?" అన్నారు. అనుకున్నానండీ, అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అనేవాణ్ణేలే" అన్నారు.

ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇప్పుడు రీళ్ళ దగ్గర పొదుపు చేస్తున్నాను. నలుపు తెలుపు రీలు ఒక్కోటి వెయ్యికి కాస్త అటూ ఇటూ. కడగడం ఇంట్లోనే. చీకట్లో రీలుని చుట్టకి ఎక్కించడం కళ్ళు మూసుకుని జడ వేసినట్టే, రెండుసార్లు పాడుచేశాక వచ్చేసింది. డెవలపర్ 20 డిగ్రీలుండాలి. మా కుళాయి నీళ్ళు వేసవిలో 30 దాటతాయి. బేసిన్‌లో ఐసుముక్కలు వేసి, అందులో సీసాలు నిలబెడుతున్నాను.

వంటిల్లు కూడా తీశాను. లోపల నిలబడి ఎంత వెనక్కి జరిగినా పట్టలేదు. ఆఖరికి పెరట్లోకి వెళ్ళి, మామిడిచెట్టు కింద స్టాండు పెట్టి, తీసి ఉన్న తలుపులోంచి తీశాను. గుమ్మం, లోపల గట్టు, పొయ్యి, దాని ముందు నిలబడి అమ్మ. ప్రింటు చూశాక గానీ తెలియలేదు, చిన్నాన్న కూడా అలాగే వాకిట్లోంచి గుమ్మంలోకి తీశాడని.

రిటైర్మెంట్ ముందురోజు మా వారు తనంతట తనే, "రేపు ఎన్ని గంటలకి ఎండ బాగుంటుంది?" అని అడిగారు. ప్లాంటు లోపలికి కెమెరా తీసుకెళ్ళనివ్వరు కాబట్టి, ఇంటికొచ్చాక క్వార్టర్ గేటు దగ్గర నిలబెట్టాను. హెల్మెట్ చంకలో, మెడలో వాళ్ళు వేసిన దండ. రీలులో ఒక్కటే మిగిలింది. "ఇంకోటి తీస్తావా?" అన్నారు. లేదండీ, అయిపోయింది అన్నాను.

మీ ఇళ్ళల్లో పాత నెగెటివ్‌లు ఉంటే, ముఖ్యంగా చదరంగా ఉన్నవి ఉంటే, ఎందుకూ పనికిరావని పారేయకండి. ఒకసారి పెద్దది చేయించి చూడండి. గుమ్మం వైపు, కిటికీల వైపు కాస్త నిదానంగా చూడండి.