చేటలోని మాటలు

విమర్శ రాసేవాళ్ళకు ఇష్టమైన మాటల్లో "తూర్పారబట్టడం" ఒకటి. ఫలానా కవిని ఫలానా విమర్శకుడు తూర్పారబట్టాడని నేనే ఎన్నోసార్లు రాశాను. కిందటి సంక్రాంతి సెలవుల్లో, రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి నా కాగితాల్లో ఆ మాటను కూడబలుక్కుని చదివి, "నాన్నా, అంటే ఏం చేస్తారు?" అని అడిగింది. "తిడతారు" అన్నాను. "మరి తిట్టారు అనొచ్చుగా?" అంది. తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నవాణ్ణి, నా దగ్గర జవాబు లేదు.

పక్కగదిలో మా అమ్మ ఉంది. ఆమెకు జవాబు తెలుసు. కాని పలకలేదు. ఎందుకు పలకలేదో చెప్పాలంటే ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి.

మా అమ్మ తెనాలి వైపు పల్లెలో ముప్పై ఏళ్ళు పొలం కూలికి వెళ్ళిన మనిషి. నాట్లు, కలుపు, కోత, నూర్పిళ్ళు. నా చదువు ఆ కూలి డబ్బులతో సాగింది. సంక్రాంతికి రెండు నెలల ముందు మా అమ్మాయి బడిలో "నా పుస్తకం యాడుంది?" అన్నదట. పంతులమ్మ డైరీలో రాసి పంపింది: ఇంట్లో భాష సరిచూడండి, ఇంగ్లీషులో మాట్లాడండి, పిల్లకు మాటలు పెంచండి అని. నేను ఆ సాయంత్రమే బజారుకు పోయి బొమ్మల అట్టలు కొనుక్కొచ్చాను. రోజుకు పది మాటలు, గోడకు పట్టిక. అమ్మతో, "పిల్ల ముందు 'యాడ' అనమాక, 'ఎక్కడ' అను" అన్నాను. "అనమాక" అన్నది నా నోరేనని అప్పుడు తట్టలేదు. "సరేలే నాయనా" అంది అమ్మ. ఆనాటినుంచి మనవరాలికి అన్నం పెట్టేది, జడ వేసేది, మాట్లాడేది మాత్రం కాదు. ఇల్లు దారిలో పడిందనుకున్నాను నేను.

పేదల ఇళ్ళలో పిల్లలకు మాటలు కరువన్న నమ్మకం నా ఒక్కడిదీ కాదు. దానికి శాస్త్రం తోడు కూడా ఉంది. అమెరికాలోని కాన్సాస్ సిటీలో హార్ట్, రిస్లీ అనే పరిశోధకులు 42 కుటుంబాలను రెండున్నర ఏళ్ళపాటు, నెలకొక గంట చొప్పున గమనించి 1995లో పుస్తకం వేశారు. ప్రభుత్వ సాయంమీద బతికే ఇంటి బిడ్డ నాలుగేళ్ళు వచ్చేసరికి, పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళ బిడ్డకంటె మూడు కోట్ల మాటలు తక్కువ వింటుందని వారి అంచనా. ఆ అంకె దేశదేశాలు తిరిగింది. ఆ నిరుపేద కుటుంబాలు మాత్రం ఆరంటే ఆరే! పైగా లెక్కలోకి వచ్చినవి ముఖ్యంగా పిల్లతో నేరుగా అన్న మాటలు. 2018లో డగ్లస్ స్పెరీ, ఆయన సహచరులు అమెరికాలోనే అయిదు సముదాయాల ఇళ్ళలో, బిడ్డను సాకే మిగతావాళ్ళ మాటలూ, చుట్టూ వినపడే మాటలూ కలిపి చూస్తే ఆ అంతరం అలా నిలబడలేదు. పిల్లలతో నేరుగా మాట్లాడటం ముఖ్యం కాదని నేననను. కాని ఎవరి మాటలు లెక్కకు వస్తాయన్న ప్రశ్న ఒకటుంది. మా ఇంట్లో ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పేశాను: అమ్మవి రావు.

సిగ్గుపడవలసింది ఇంకా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో అప్పటి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. పొలం పని చేసేవాళ్ళ నోటినుంచి ఏరి కూర్చిన మాటలవి. ఏటేటా దాన్ని గురించి పాఠం చెబుతాను. తరగతిలో మాండలికానికి జేజేలు, ఇంట్లో నిషేధం!

అమ్మాయి ప్రశ్న పట్టుకుని అమ్మ దగ్గరకు వెళ్ళాను. "నాకేం తెలుసు, మీరు చదువుకున్నోళ్ళు" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున ఊరినుంచి వచ్చిన బియ్యం బస్తా విప్పి, చేట పట్టుకుని కూర్చుంది. అమ్మాయి పక్కన చేరింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చేట ఎగరేసి ఊకా తవుడూ బయటకు పోగొడితే చెరగడం. చేటను మెల్లగా పక్కకు ఆడించి నూకలు వేరు చేస్తే నేమడం. రాళ్ళూ వడ్లగింజలూ వేళ్ళతో తీస్తే ఏరడం. జల్లెడలో పోసి ఆడిస్తే జల్లించడం. నీళ్ళలో తిప్పి ఇసకను అడుగున వదిలేస్తే గాలించడం. ఈ అయిదింటికీ మా ఇంట్లో నా మాట ఒకటే: క్లీన్ చెయ్యడం. వడ్లు, బియ్యం, అన్నం మూడూ నేను కొన్న అట్టమీద "రైస్". తూర్పారబట్టడం అమ్మ లేచి నిలబడి చూపించింది. కళ్ళంలో ఎత్తుపీట ఎక్కి, గాలివాటు చూసి, చేటతో ధాన్యం పైనుంచి జారవిడుస్తారు. తాలూ పొట్టూ గాలికి దూరంగా పోతాయి, గట్టి గింజ దగ్గర పడుతుంది. "గాలి లేకపోతే?" అంది అమ్మాయి. "కూకోటమే, వచ్చిందాకా." నేను తూర్పారబట్టిన పుస్తకాల్లో గట్టి గింజ ఎక్కడ పడిందో చూసుకున్నానా అని అనుమానం వచ్చింది. ఆ సంగతి మరోసారి.

ఇవి తీపి జ్ఞాపకాలని పాఠకులు పొరబడకూడదు. ఆ కళ్ళంలో ధాన్యం అమ్మది కాదు. దుమ్మూ నడుంనొప్పీ ఆమెవి. కోతమిషన్లు వచ్చినప్పుడు పోయిందని ఆమె బాధపడింది కూలి గురించి, మాట గురించి కాదు. గనక పాత మాటలను పెట్టెలో పెట్టి దాచమని నేననడం లేదు. అట్టలు కూడా పారెయ్యలేదు. ఇంగ్లీషు మాటలు మా అమ్మాయికీ కావాలి, ఇవాళ కూలికి పోతున్న తల్లుల పిల్లలకు మరీ కావాలి. కాని పట్టికలోని పది మాటలూ ఆదివారానికి మరిచిపోయే పిల్ల, వారం తిరిగాక బడిసంచీ బోర్లించి పెన్సిలు పొట్టు దులుపుతూ, "నాన్నా, సంచీ చెరుగుతున్నా" అంది. ఆ ప్రయోగం ఏ పదకోశంలోనూ లేదు, నేను దిద్దలేదు. ఇప్పుడు సైకిలు బాగుచేయించేటప్పుడూ, దర్జీ దగ్గరకు పోయేటప్పుడూ దాన్ని వెంట తీసుకువెడుతున్నాను. పని చేసేవాళ్ళు విసుక్కోకుండా చెబుతారు. విసుక్కునేది నేనే, ఆలస్యమవుతుందని.

అమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. "దానికేముందిలే నాయనా" అంది. మనవరాలితో మళ్ళీ బాగానే మాట్లాడుతోంది, కథలూ చెబుతోంది. "యాడ" దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్క క్షణం ఆగి, నావైపు చూసి, "ఎక్కడ" అంటుంది.