షుగర్ పరీక్షకు ముందు చెప్పవలసిన మాట

ఖానాపూర్‌లో నేను ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన తొలి రోజులలో మా దగ్గర గ్లూకోమీటర్లు లేవు. 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణంలో 8 చుక్కల మూత్రం వేసి మరిగించేవాళ్లం. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగు వస్తే చాలా ఉన్నట్టు.

గోదావరి ఒడ్డు పల్లెకు చెందిన ఒక పెద్దాయన మధుమేహానికి గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారు. ఒకనాడు పరీక్షనాళికలో పసుపు రంగు చూసి నేను మాత్ర మోతాదు పెంచాను. మూడో నాడు తెల్లవారుజామున ఆయనను ఎడ్లబండిలో తెచ్చారు. ఒళ్లంతా చల్లని చెమట, తడబడే మాట. నరానికి గ్లూకోజ్ ఎక్కించిన కొద్ది నిమిషాలకు తేరుకున్నారు. ఆ మందు ప్రభావం చాలాసేపు ఉంటుంది గనుక మరుసటి రోజు దాకా ఇంటికి పంపలేదు.

“చిగుళ్లకు మంచిదని సీ విటమిన్ గోలీలు దినాం నాలుగైదు మింగుతున్న సారూ. మీరు అడగలే గద!” అన్నారాయన. నిజమే, నేను అడగలేదు. బెనెడిక్ట్ ద్రావణం చక్కెరను మాత్రమే గుర్తించేది కాదు. విటమిన్ సి వంటి క్షయకరణ పదార్థాలకూ దాని రంగు మారుతుంది.

పరికరాలు మారినా ఈ చిక్కు పూర్తిగా తీరలేదు. విటమిన్ సి అధిక మోతాదులో, ముఖ్యంగా సూది ద్వారా తీసుకున్నప్పుడు, కొన్ని గ్లూకోమీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతాయి. ప్రయోగశాలలో గులాబీ రంగు తెప్పించే ఎంజైము పరీక్షలో అదే విటమిన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను హరించి, అంకెను తగ్గించి చూపవచ్చు. కొన్ని మీటర్ల మీద పారాసెటమాల్ ప్రభావం కూడా ఉంటుంది. స్టెరాయిడ్ల సంగతి వేరు. అవి రక్తంలో చక్కెరను నిజంగానే పెంచుతాయి. అక్కడ తప్పు పరీక్షది కాదు.

కనుక పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు వాడే గోలీలు, సూదులు, పొడులు అన్నీ చెప్పండి. ఏ మందునూ మీ అంతట మీరు మానకండి. అంకెకూ ఒంటి తీరుకూ పొంతన కుదరకపోతే మరో పద్ధతిలో పరీక్ష చేయించండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం ఉంటే మీటరు ఎంత ఎక్కువ చూపినా ఇన్సులిన్ వేసుకోకండి. స్పృహ ఉంటే ముందు చక్కెర నీళ్లు తాగి, వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

ఆ పెద్దాయన మాట విన్న నాటి నుంచి పదవీ విరమణ దాకా, రిపోర్టు చూసే ముందు ప్రతి రోగినీ నేను అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?”