పై అంతస్తులో గోడకుర్చీ

మన సాఫ్టువేరు జనాభాకి వ్యాయామం చెయ్యమని ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, ఓ రెండు రోజులు కండరాలకి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క దాదాపు అందరికీ తెలిసిందే. తెలిసీ చెయ్యకపోవడానికి కారణాలు కూడా అందరివీ ఒకటే. రాత్రి పదకొండు దాకా క్లయింటు కాల్సు, పొద్దున్నే పిల్లల స్కూలు బస్సు. తార్నాక వైపు ఉన్నవాళ్ళకి నడవడానికి ఉస్మానియా క్యాంపస్ ఉంది, హుస్సేన్ సాగర్ పక్కనున్న వాళ్ళకి సంజీవయ్య పార్కు ఉంది. సికింద్రాబాద్ పద్మారావు నగర్ సందుల్లో మూడో అంతస్తులో ఉండే నాలాంటి వాడికి సోఫాకీ టీవీకీ మధ్యన ఆరడుగుల జాగా ఉంది. చేస్తే అక్కడే చెయ్యాలి.

చిక్కల్లా ఏంటంటే, ఆ ఆరడుగులూ నాకు నేల, కిందింటి వాళ్ళకి కప్పు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి జిమ్ములు మూసేసినప్పుడు ఈ సంగతి మన అపార్టుమెంట్లన్నిటికీ ఒకేసారి తెలిసొచ్చింది. ఆగస్టు 5 నుంచి జిమ్ములు తెరుచుకోవచ్చని కేంద్రం చెప్పేదాకా జనం యూట్యూబ్ పెట్టుకుని హాల్లోనే ఎగిరారు. జిమ్ములు తెరిచినా కొంతమందికి ఆ అలవాటు పోలేదు. మంచిదే. కానీ ఆ వీడియోల్లో ఎగిరే మహానుభావుల కింద ఎవరున్నారో మనకి కనపడదు కదా! అసలు పాత పద్ధతులన్నీ కాళ్ళ కింద భూమి ఉంటుందనుకుని పుట్టినవే. కోడి రామమూర్తి నాయుడి కాలం నాటి తాలింఖానాల్లో దండాలూ బస్కీలూ తీసింది మట్టి మీద. కెనడా వైమానిక దళం వాళ్ళు జిమ్ము లేని చోట్ల పనిచేసే పైలట్ల కోసం 1950ల చివర్లో ‘ఫైవ్ బీ ఎక్స్’ అని రోజుకి 11 నిమిషాల పద్ధతి ఒకటి తయారుచేశారు. చాలా మంచి పద్ధతి, కానీ అందులో చివరి అంశం ఉన్నచోటే పరిగెడుతూ, 75 అడుగులకోసారి ఆగి గెంతడం. మూడో అంతస్తులో అది చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మా అపార్టుమెంటులో జరిగిందే చెప్తాను. మా కింద రెండో అంతస్తులో రైల్వేలో చేసి రిటైరైన అంకుల్ ఉంటారు. ఆంటీకి గుండెకి స్టెంటు వేశారు, నిద్ర సరిగ్గా పట్టదు, పట్టేది తెల్లవారుజామునే. ఓ రోజు లిఫ్టు దగ్గర ఆయన నన్ను ఆపి, “ఏం బాబూ, తెల్లారగట్ల మీ ఇంట్లో పిండి దంచుతున్నారా?” అని నవ్వుతూనే అడిగారు. ఆ టైముకి మా ఇంట్లో అందరం నిద్రలోనే ఉంటాం. వాకబు చేస్తే తేలిందేంటంటే, దంచుతున్నది నాలుగో అంతస్తులో కుర్రాడు. మధ్యలో మా ఇల్లు దాటుకుని చప్పుడు కింద దాకా పోతోంది!

ఎలా పోతుందో కాస్త చూద్దాం. మాట, టీవీ లాంటి చప్పుడు గాల్లో ప్రయాణిస్తుంది, గోడ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. కాలి దెబ్బ అలా కాదు, నేరుగా స్లాబులోకి దిగుతుంది. మన స్లాబులు చాలావాటికి అయిదారు అంగుళాల మందం, దానిమీద సిమెంటు పెట్టి టైల్సు. మధ్యలో మెత్తటి పొర ఏదీ ఉండదు. స్లాబు, బీము, స్తంభం అన్నీ కలిపి పోసిన ఒకే కాంక్రీటు. మన భాషలో చెప్పాలంటే టైట్ కప్లింగ్ అన్నమాట. అందుకే రెండంతస్తుల కింద వినపడుతుంది, ఎవరింట్లోంచి వస్తోందో పోల్చుకోవడమూ కష్టం.

దెబ్బ ఎంతో కూడా లెక్కేసుకోవచ్చు. 75 కిలోల మనిషి 10 సెంటీమీటర్లు ఎగిరి దిగితే దాదాపు 73 జౌళ్ళు. నిండు గ్యాస్ సిలిండరు సుమారు 30 కిలోలుంటుంది. దాన్ని పది అంగుళాల ఎత్తునుంచి నేలమీద వదిలినా అంతే. కాళ్ళు వంచి దిగితే అందులో చాలా భాగం కండరాలే మింగేస్తాయి, నిజమే. నాలుగో అంతస్తు కుర్రాడు రోజుకి మూడొందల గెంతులు వేసేవాడు. మూడొందల సార్లు మీ నెత్తిన ఎవరైనా సిలిండరు దించుతుంటే మీరు మాత్రం ఊరుకుంటారా?

యోగా మ్యాట్ వేస్తే చాలదా అంటారు. నాలుగైదు మిల్లీమీటర్ల మ్యాటు ‘టక్’ అనే చప్పుడు తగ్గిస్తుంది, ‘ధబ్’ అనేదాన్ని పెద్దగా తగ్గించదు. కింద వాళ్ళని లేపేది ఆ రెండోదే. చట్టం సంగతి చూస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. అది సగటు లెక్క. నిమిషానికి నాలుగు సార్లు దబ్బుమనేది సగటులో కొట్టుకుపోతుంది. అయినా దీనికోసం పోలీసుల దగ్గరికి ఎవడు వెళ్తాడు, పొద్దున్న లేస్తే మొహామొహాలు చూసుకోవాలి కదా.

సరే, కుర్రాడితో మాట్లాడమని అంకుల్ నాకే చెప్పారు. వెళ్ళాను. అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు, రాత్రి షిఫ్టు, షుగరు బోర్డర్లో ఉందన్నారట డాక్టరుగారు. వాళ్ళ నాన్నకి షుగర్ వల్లే కాలి వేళ్ళు తీసేశారని చెప్పాడు. “అన్నా, మీరు మానెయ్యమంటే మానేస్తా, కానీ నాకింకో టైము లేదు” అన్నాడు. ఏం చెప్పాలి? కింద ఆంటీ నిద్రా ఆరోగ్యమే, పైన వీడి గెంతులూ ఆరోగ్యమే. “తమ్ముడూ, మానకు. ఎగరడం ఒక్కటీ ఆపు” అన్నాను.

ఈ సందర్భంలోనే నాకు గట్టిగా అనిపించిందేంటంటే, చప్పుడు లేని వ్యాయామం అంటే రాజీపడి చేసే వ్యాయామం అని మనవాళ్ళలో ఓ అపోహ ఉంది. నిజానికి చాలా చోట్ల అది కష్టమైన వ్యాయామం. బస్కీ తీసేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ కిందకి దిగి, రెండు క్షణాలు ఆగి, నెమ్మదిగా లేచి చూడండి. గబగబా యాభై తీసేవాడు పదిహేనుకి ఆయాసపడతాడు. సూర్యనమస్కారంలో వెనక్కి గెంతకుండా ఒక్కో కాలే వెనక్కి వేస్తే చప్పుడుండదు, పొట్టకి పని పెరుగుతుంది. డంబెల్ని విసిరెయ్యకుండా మడిచిన పాత బొంత మీద మెల్లగా దింపితే ఆ దింపడం కూడా వ్యాయామమే. చోటు కూడా ముఖ్యం. హాలు మధ్యలో స్లాబు ఎక్కువ ఊగుతుంది, గోడ పక్కన, బీము మీద తక్కువ. సోఫాని మధ్యకి జరిపి మనం గోడవారకి పోవడమే.

గోడ అంటే గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు బళ్ళో లెక్కలు తప్పితే మాస్టారు వేయించిన గోడకుర్చీ గుర్తుందా? కుర్చీ లేకుండానే గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి కూర్చోవడం! అదిప్పుడు ‘వాల్ సిట్’ అని పేరు మార్చుకుని వచ్చింది. రక్తపోటు మీద ఏ వ్యాయామం ఎంత పనిచేస్తుందో 270 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. కదలకుండా బిగబట్టి చేసే ఐసోమెట్రిక్ వ్యాయామాలే పై రక్తపోటుని అన్నిటికంటే ఎక్కువగా, సగటున 8 పాయింట్ల దాకా తగ్గించాయట. అందులోనూ ముందున్నది మన గోడకుర్చీయే. ఈ రకం మీద జరిగిన ప్రయోగాలు మిగతా వాటికంటే తక్కువే అన్నది గుర్తుపెట్టుకోవాలి. మామూలుగా చేయించే లెక్క రెండేసి నిమిషాలు నాలుగు సార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విశ్రాంతి, వారానికి మూడు రోజులు. అంటే పూటకి 14 నిమిషాలు. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. బీపీ ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

ఆలోచిస్తే మన మాస్టర్ల శిక్షలన్నీ ఇలాంటివే. గుంజీళ్ళు, గోడకుర్చీ, చేతులు పైకెత్తి నిలబడటం. పక్క క్లాసుకి వినపడకూడదు, పిల్లాడికి మాత్రం తెలియాలి. అపార్టుమెంటు వ్యాయామానికి కావలసిందీ సరిగ్గా అదే :-)

అయితే గోడకుర్చీతో అంతా అయిపోదు. గుండె వేగం పెరిగే పని కూడా ఉండాలి. దానికి మన చేతిలో ఉన్నది మెట్లు. లిఫ్టు మానేసి మెత్తటి బూట్లతో నాలుగంతస్తులు నాలుగైదు సార్లు ఎక్కి దిగితే గెంతులు వేసినంత ఆయాసమూ వస్తుంది. లేదా టెర్రస్ మీద వేగంగా నడవచ్చు, పరిగెత్తకుండా. టెర్రస్ కింద కూడా ఎవరో ఒకరు పడుకునే ఉంటారు.

పై కుర్రాడు ఇప్పుడు పొద్దున్న మెట్లెక్కుతాడు, రాత్రి గోడకుర్చీ వేస్తాడు. షుగరు ఏమవుతుందో కొన్ని నెలలైతే గానీ తెలీదు. కానీ మానెయ్యలేదు, అదీ అసలు విషయం. కింద ఎవరో తిట్టుకుంటున్నారని తెలిస్తే మనిషి రెండు వారాల్లో నీరుగారిపోతాడు. ఎవరికీ ఇబ్బంది లేని పని అయితే ఏళ్ళ తరబడి సాగుతుంది.

ఇక్కడ అసోసియేషన్ మీటింగులో రూలు పాస్ చెయ్యడం కంటే తేలికైన పని ఒకటుంది. మొదలుపెట్టే ముందు కిందింటికెళ్ళి వాళ్ళు ఎప్పుడు పడుకుంటారో అడగండి. ఓ రోజు మీరు చేస్తుండగా వాళ్ళ బెడ్రూంలో మీ పిల్లాణ్ణో, మీ ఆవిడనో నిలబెట్టి వినమనండి. టెస్టింగు చెయ్యకుండా రిలీజు చెయ్యకూడదని ఆఫీసులో జూనియర్లకి చెప్పేది మనమే కదా.