కంప్యూటరుకూ గాలి ఆడాలె

షోలాపూర్‌లో మన పూర్వభాగపు ఇండ్లు ఎట్లుంటాయో మీకు చెప్పే పని లేదు. పైన రేకులు, ముందర పది అడుగుల గది, వెనక అంతకన్నా చిన్న గది. ఆ రెంటిలోనే పొయ్యి, ఫ్రిజ్, పడక, దేవుని పటాలు, బీడీల చాట. ఇప్పుడు పిల్లల చదువుకని వాటి నడుమ కంప్యూటరు కూడా వచ్చి కూర్చున్నది. ఎండకాలం బయట 40 డిగ్రీలు దాటితే రేకుల కింద ఇంకా ఎక్కువే. నేను చదివింది నాలుగో తరగతే గానీ, 32 ఏండ్లు రింగు ఫ్రేముల నడుమ తిరిగినవాణ్ణి. యంత్రం వేడెక్కితే ఏమైతదో నా చేతికి తెలుసు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా రింగు ఖాతాలో దారం తెగకుండా గాలిలో 55 నుంచి 65 శాతం తేమ ఉంచేవాళ్లు. దారానికి అది మేలు, మనిషికి ఉక్క. ఆ ఉక్క గురించి అడిగేవాళ్లు లేరు. మోటార్ల సంగతి వేరు. మోటారు మీద దూది నుసి దుప్పటిలెక్క పేరుకుంటే, దానిలో పుట్టిన వేడి దానిలోనే ఉండిపోయి, తీగ కాలిన వాసన వచ్చేది. అందుకే పాళీ మారేముందు నుసి దులపకపోతే జాబర్ ఊకునేవాడు కాదు. బయటి వేడి ఒక ఎత్తు, లోపలి వేడికి దారి లేకపోవడం ఇంకో ఎత్తు. మోటారు కాలేది ఎక్కువగా ఈ రెండోదానితోనే.

కంప్యూటరుదీ అదే కథ. అది 100 వాట్ల కరెంటు తాగితే, ఆ 100 వాట్లూ చివరికి వేడిగానే గదిలోకి వస్తాయి. ముందు వైపు గాలి పీల్చుకొని, లోపలి అల్యూమినియం రెక్కల మీదుగా పంపి, వెనక నుంచి వదులుతుంది. లోపలి ప్రాసెసరు 90, 100 డిగ్రీల దాకా పోతే మొదట తన పని తనే నెమ్మది చేసుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది.

మా మనుమరాలు బీకాం చదువుతూ, సాయంత్రాలు ఇద్దరు నూలు వ్యాపారులకు ఇంట్లో నుంచే లెక్కలు రాస్తుంది. ఆమె ఫీజు ఆ పైసలతోనే కడుతున్నాం. ఉగాది దాటినంక ఆ పెట్టె పని నడుమ ఆగిపోవడం మొదలైంది. బిల్లు రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి ఒక వ్యాపారి, ఇంకోసారి ఇట్లైతే వేరేవాళ్లకు ఇస్తానన్నాడు. పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. రిపేరు దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, 6,000 అయితదన్నారు.

"ఆగు బిడ్డా, ముందు ఎప్పుడెప్పుడు ఆగుతున్నదో రాద్దాం" అన్నాను. మిల్లులో బ్రేక్‌డౌన్లు రాసినట్టే ఒక నోటుబుక్కులో ఎనిమిది రోజులు టైము రాసినాము. మిట్టమధ్యాహ్నం ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగినప్పుడల్లా రాత్రి ఏడు, తొమ్మిది నడుమనే. అది మా కోడలు రొట్టెలు చేసే టైము. పెట్టె ఉన్నదేమో పొయ్యికీ ఫ్రిజ్‌కూ నడుమ, వీపు గోడకు ఆనించి.

పెద్ద బర్నరు నిండా మండితే 2,000 వాట్ల పైనే వేడి. అందులో సుమారు మూడో వంతు గిన్నెకు అందకుండా గదిలోకే పోతుంది. ఫ్రిజ్ తన లోపలి వేడిని వెనక నుంచో పక్కల నుంచో బయటికి తోస్తుంది. పైగా పోపు పొగలో నూనె ఉంటుంది. అది దుమ్ముతో కలిసి రెక్కల మీద జిగటగా పట్టుకుంటుంది. దూది నుసి ఊదితే పోతుంది గానీ ఇది పోదు.

ముందు పెట్టెను పొయ్యికి దూరంగా, తలుపు పక్క గోడకు మార్చినాము. గోడకూ దానికీ నడుమ జానెడు సందు విడిచినాము. నేల మీద దుమ్ము ఎక్కువ కాబట్టి చిన్న పీట వేసినాము. అటక మీద పెట్టవద్దు, వేడిగాలి పైకే పోతుంది. గుడ్డ కప్పేది పని అయిపోయి ఆపినంకనే.

తర్వాత శుభ్రం చేసుడు. ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, మెత్తని బ్రష్షుతో దులపాలె. బ్లోయరు కొట్టేటప్పుడు లోపలి ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలె, లేకుంటే అడ్డగోలుగా తిరిగి బేరింగు పోతుంది. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పవద్దు, ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలిచి ఉంటుంది. ప్రాసెసరుకూ అల్యూమినియం దిమ్మకూ నడుమ పూసే పేస్టు ఏండ్లు గడిస్తే ఎండిపోతుంది. దాన్ని తెలిసిన పిల్లగాడితో మార్పించినాము. కొందరు గాలి ఆడాలని పక్క రేకు తీసేస్తారు. చిన్నపిల్లలు, పోపు పొగ ఉన్న ఇంట్లో అది మంచిది కాదు. కూలరు గాలి కూడా నేరుగా పెట్టెకు తగలనీయవద్దు, దానిలో తడి ఉంటుంది.

ఆఖరికి 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను తెచ్చినాము. మనుమరాలు దాన్ని కంప్యూటరు దగ్గర పెడదామన్నది. మా ఇంటామె ఒప్పుకోలేదు.

"వేడి పుట్టేది పొయ్యి కాడ. అక్కడ్నే పైన పెట్టుండ్రి. ఆ వేడి మొదలు తగిలేది నీ డబ్బాకు కాదు, నాకూ నీ అమ్మకూ" అన్నది.

లెక్కకు కూడా అదే సరి. వేడిని పుట్టిన చోటనే బయటికి తోలితే గది అంతా మిగులుతుంది. పొయ్యి పైన గోడకు బొక్క కొట్టించి అక్కడనే బిగించినాము. ఎదురుగా తలుపు ఓరగా తీసి ఉంచితే కొత్త గాలి లోపలికి వస్తుంది.

మే నెలంతా గడిచింది. నోటుబుక్కులో కరెంటు పోయిన రోజులు తప్ప ఇంకేమీ రాయలేదు. వ్యాపారులిద్దరి లెక్కలూ మనుమరాలి దగ్గరే ఉన్నాయి. కోడలు కండ్ల మంట తగ్గిందంటున్నది.

మీ ఇంట్లో పెట్టె ఆగిపోతుంటే, కొత్త సామాను కొనేముందు ఎనిమిది రోజులు టైము రాసి చూడండి. వెనక చెయ్యి పెట్టి గాలి వస్తున్నదా లేదా చూడండి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలనుకుంటే, ఎక్కడ పెట్టాలో రోజూ పొయ్యి ముందర నిలబడేవాళ్లను అడగండి.